బస్సు లేదని పదకొండుసార్లు

ఆఫీసులో ఆమెను ఎదురుగా ఉన్నప్పుడు మేడమ్ అంటారు, అటు తిరగ్గానే ఉన్నదున్నట్టమ్మ అంటారు. ఆ రెండో పేరు సంగతి ఆమెకు తెలుసు. పైకి తెలియనట్టు ఉంటుంది గానీ లోపల కాస్త ఇష్టమే. ముప్ఫై మూడేళ్ళు కోర్టు రిపోర్టరుగా చేసిన మనిషికి అంతకంటే మంచి బిరుదు ఎవరిస్తారు? బోనులో నిలబడ్డవాడు ఏమంటే అది, ఎలా అంటే అలా షార్ట్‌హ్యాండులో ఎక్కించి, మర్నాడు టైపు చేసి, సంతకం పెట్టి ఇవ్వడం ఆమె పని. ఒకసారి ఒక పెద్ద ప్లీడరు కోపం ఆపుకోలేక ఎదుటి ప్లీడరును గాడిద అన్నాడు. సాయంత్రం ఆమె బల్ల దగ్గరికి వచ్చి ఆ ముక్క తీసెయ్యమని బతిమాలుకున్నాడు. జడ్జిగారు కొట్టెయ్యమంటే కొట్టేస్తానంది. జడ్జిగారు కొట్టెయ్యమన్నారు. ఆమె ‘గాడిద అన్న మాటను కొట్టివేయవలసిందిగా జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు’ అని శుభ్రంగా టైపు చేసి పెట్టింది. అంతవరకు గదిలో ఉన్న పదిమందికే తెలిసిన గాడిద ఆ తర్వాత కోర్టు మొత్తానికీ తెలిసింది.

ఈ గుణంతో ఇంట్లో వేగుతున్నవాడు ఆమె భర్త. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, ఇంటి ముందుగదే ఆయన కొట్టు. పాతికేళ్ళ కిందట నువ్వు ఫలానా మాట అన్నావని ఆమె గుర్తుచేస్తే ఆయన పాపం అననే లేదని దబాయించడానికి వీల్లేదు. ఏ కుర్చీలో కూర్చుని అన్నాడో, ఆ మాటకు ముందు ఏమన్నాడో, తర్వాత ఏమన్నాడో ఆమె అప్పజెప్పేస్తుంది. కోర్టు రిపోర్టరును చేసుకున్నవాడు నోటికి తాళం వేసుకుని తాళంచెవి నూతిలో పారెయ్యాలని, మిషను బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఆయన చెబుతుంటాడు.

పదహారేళ్ళప్పుడు ఆమె, పిన్ని నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఊరికే కూర్చోలేక షార్ట్‌హ్యాండు పెన్సిలు పట్టుకుంది. ఆర్నెల్లు తిరిగేసరికి పిన్ని కంటే వేగంగా రాసేది. మాట చెవిలో పడటమే ఆలస్యం, చెయ్యి దానంతట అది కదిలేది, మధ్యలో మనసుకు పని ఉండేది కాదు. ఈ పనిలో అదే సుఖం, అదే కష్టం కూడా. రాసేటప్పుడు ఏడుపు రాదు, కోపం రాదు. హత్య కేసైనా గట్టు తగాదా అయినా గీతలూ వంపులే. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ ఉండగా ఆ రోజు రాసిందంతా ఒక్కసారి అర్థమవుతుంది. కొత్తలో అలా అర్థమైన రాత్రులు అన్నం వదిలేసి లేచేది. పోనుపోను అలవాటైంది. అలవాటైందని అనుకుంది.

రిపోర్టర్లకు ఒకే చోట పని ఉండదు. పెద్ద కోర్టు కింద ఐదు చిన్న కోర్టులు దూరదూరంగా ఉన్నాయి, మొత్తం రిపోర్టర్లు ఆరుగురు. ఎవరు ఏ వారం ఎక్కడికి పోవాలో రాసిన కాగితాన్ని శనివారం నాలుగింటికి మంచినీళ్ళ కుండీ పక్కన అంటిస్తారు. అంటించే డ్యూటీల గుమాస్తాను అందరూ చార్టుమామ అంటారు. మెత్తని మనిషి. నడుం నొప్పి ఉన్నవాళ్ళను గతుకుల రోడ్డుకు వెయ్యడు, ఇంట్లో శుభకార్యం ఉన్నవాళ్ళను దూరం పంపడు. అందుకని ఆయన చార్టు అంటించిన ఐదు నిమిషాలకే, నొప్పీ శుభకార్యమూ ఏదీ లేనివాళ్ళంతా వచ్చి ఆయన మీద పడతారు.

వెళ్ళిరావడం ఒక ఎత్తు, వెళ్ళివచ్చామని నిరూపించుకోవడం ఇంకో ఎత్తు. ప్రయాణ ఖర్చుల బిల్లు మూడు ప్రతులు రాయాలి. ఎన్నింటికి బయల్దేరింది, ఎన్నింటికి చేరింది, దగ్గర దారినే వెళ్ళిందా లేదా, టికెట్టు జత చేసిందా లేదా. టికెట్టు తడిస్తే ఎందుకు తడిసిందో వేరే కాగితం. కొండకింద కోర్టుకు మాత్రం ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉండేది. డెబ్భై కిలోమీటర్ల దూరం, మొదటి బస్సు చేరేసరికి పదిన్నర దాటేది, కోర్టేమో పదింటికే మొదలు. అందుకని అక్కడికి టాక్సీలో వెళ్ళొచ్చు. అయితే బిల్లు వెనక సొంత చేత్తో ‘సమయానికి చేరే బస్సు లేదు’ అని రాసి సంతకం పెట్టాలి. ఎన్నో ఏళ్ళుగా ఆమె ఆ ముక్క రాసింది, అది నిజం కూడా.

ఏడాదిన్నర పైమాట, పొద్దున ఆరున్నరకు ఒక కొత్త బస్సు వేశారు. తొమ్మిదింబావుకల్లా కొండకింద దింపేది. అక్కడ రిపోర్టరు పని నెలకు ఒక్కరోజే, అదెప్పుడూ ఆమెకే పడేది. వెళ్ళేటప్పుడు ఆ బస్సే ఎక్కింది, టికెట్టు అంటించింది. కిటికీ పక్కన కూర్చుంటే హాయిగా ఉండేది. ఆఫీసు డబ్బు మిగిలింది, ఆమెకు గాలి తగిలింది, అందరూ బాగున్నారు. ఐదు నెలలు అలా గడిచాయి. ఆరో నెలా, దాని తర్వాతి రెండు ప్రయాణాలూ కూడా బస్సులోనే. ఆ తర్వాత పదకొండుసార్లు ఆమె టాక్సీలో వెళ్ళింది. పదకొండు బిల్లుల వెనకా పాత ముక్కే రాసింది, బస్సు లేదని.

ఈ సంగతి బయటపడటానికి ఎవరూ నేరం మోపలేదు, ఎవరూ చాడీ చెప్పలేదు. మధ్యలో ఒక నెల ఆమెకు జ్వరం వస్తే, ఆమె తమ్ముడూ అని పిలిచే కుర్ర రిపోర్టరు ఆ కోర్టుకు వెళ్ళొచ్చి ఆరున్నర బస్సు టికెట్టు బిల్లుకు అంటించాడు. బిల్లుల సెక్షనుకు కొత్తగా ఒక సూపరింటెండెంటు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, చూపు పదునైనవాడు. ఒక దారికి ఒకరు బస్సు టికెట్టు పెడుతున్నారు, ఇంకొకరు బస్సే లేదంటున్నారు. ఎవరిది అబద్ధమో చూడమని పాత బిల్లులు తీయించాడు. అబద్ధం ఎవరిదో తెలిశాక, కాగితాలు మళ్ళీ ఒకసారి మొదటి నుంచీ చూశాడట. ఉన్నదున్నట్టమ్మ సంతకం మీద అతనికి అనుమానం రాలేదు, తన కళ్ళమీదే వచ్చింది.

డబ్బు ఆమె తినలేదు. టాక్సీకి ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది, రసీదులున్నాయి. కాని సొంత దస్తూరీతో పదకొండుసార్లు లేనిపోని మాట రాసింది. రిటైరు కావడానికి మూడు నెలలుంది. విచారణ తేలేదాకా పింఛను కాగితాలు కదలవు. అది అటుంచితే, ముప్ఫై మూడేళ్ళుగా ఆమె టైపు చేసిన ప్రతి కాగితం అడుగునా ‘పలికినది పలికినట్టు రాయబడినది’ అని ఉంటుంది. అబద్ధం రాసిందని సర్వీసు రిజిస్టరులో ఒక్క గీత పడిందంటే, ఆ కాగితాలన్నిటి మీదా పడ్డట్టే. ఆమెకు పోయేదేమైనా ఉంటే ఆ మాటే, వేరే ఆస్తి ఏమీ లేదు.

ఎందుకు రాసిందో చెప్పాలంటే ఆ ఆరో నెల సంగతి చెప్పాలి.

కొండకింద ఊళ్ళో కలప డిపో ఒకటి ఉంది. అక్కడ పనివాళ్ళిద్దరికి మాటామాటా పెరిగి, ఒకడు గునపం తీసుకుని రెండోవాణ్ణి కొట్టాడు. దెబ్బ తిన్నవాడు మూడోరోజు పోయాడు. ముద్దాయి తరపు ప్లీడరు వాదన ఏమిటంటే, ఆ సాయంత్రం తన మనిషి డిపోలోనే లేడు, జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్నాడు. చూసినవాళ్ళు ఇద్దరిలో ఒకడు మాట మార్చాడు, ఇంకొకడు దూరం నుంచి చూశానన్నాడు. ఇంట్లో ఉన్నాడో లేదో చెప్పగలిగింది ముద్దాయి తండ్రి ఒక్కడే. అతనూ అదే డిపోలో కలప తూకం వేస్తాడు. తల్లి లేదు, ఇంట్లో తండ్రీ కొడుకులిద్దరే.

ఆ పెద్దాయనకు చెవులు సరిగా వినపడవు. ప్రతి ప్రశ్నా రెండుసార్లు గట్టిగా అడగాల్సి వచ్చింది. ఆమె అదీ రాసింది. ఆ సాయంత్రం మీ అబ్బాయి ఇంట్లో ఉన్నాడా అని ప్లీడరు మూడోసారి అరిచినప్పుడు, పెద్దాయన బోను చెక్కను రెండు చేతులతో పట్టుకుని, లేడు అన్నాడు. అంతే. రెండక్షరాలు, ఆమె పెన్సిలుకు ఒక చిన్న వంపు. తర్వాత వచ్చిన తీర్పు ఏడేళ్ళు. అందులో ఆమె పాపం ఏమీ లేదు. అయినా ఆ సాక్ష్యం రాసిన రాత్రి అన్నం పళ్ళెం ముందు కూర్చుని చాలాసేపు చెయ్యి కడుక్కోలేదు.

మరుసటి నెల ఆరున్నర బస్సు నాలుగో స్టాపులో ఆ పెద్దాయన ఎక్కాడు. డిపోకు రోజూ ఆ దారినే వెళ్తాడన్నమాట. ఆమెను చూశాడు. ఎదురు సీట్లో కూర్చుని కొండకింద దిగేదాకా, రెండు గంటలూ ఆమె వంకే చూశాడు. మాట లేదు, తిట్టు లేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. బస్సుల్లో కక్షిదారులు ఎదురవడం కొత్త కాదు. అమ్మా ఆ ముక్క కాస్త తిప్పి రాయమనేవాళ్ళు, నీ చెయ్యి విరగ అనేవాళ్ళు, అందరినీ చూసింది. ఈ చూపు వాటిలో దేనికీ చెందినది కాదు. ఆ పై నెల మళ్ళీ అదే బస్సు, అదే ఎదురు సీటు, అదే చూపు. ఈసారి ఏదో అనబోయినట్టు పెదవులు కదిపి, పక్కవాళ్ళను చూసి మానుకున్నాడు.

మూడో నెల బస్టాండుదాకా వెళ్ళింది. బస్సు సిద్ధంగా ఉంది, కండక్టరు పిలుస్తున్నాడు. ఆమె కాళ్ళు టాక్సీల వైపు నడిచాయి. ఆఫీసుకొచ్చి బిల్లు రాసేటప్పుడు, ఏళ్ళ తరబడి అలవాటైన ముక్క గదా, చెయ్యి దానంతట అదే రాసేసింది. సంతకం పెట్టాక గాని ఏం రాసిందో అర్థం కాలేదు. అప్పుడైనా చింపెయ్యొచ్చు. టాక్సీ ఖర్చు సొంతంగా పెట్టుకుని ఊరుకోవచ్చు. ఒక్కసారికే కదా అనుకుంది. అబద్ధానికి మొదటి మెట్టు ఒక్కటే ఎత్తు, మిగతావన్నీ దిగుడే.

సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చిన రోజు సాయంత్రం భర్తతో చెప్పింది. ఆయన ఒక మిషను పొట్ట విప్పి కూర్చుని ఉన్నాడు. అంతా విని, నూనె చేతులు తుడుచుకుని, "నాకొక్క మాట చెప్తే నీతో బస్సెక్కి మీ ఇద్దరి మధ్యా కూర్చునేవాణ్ణి కదే. నా అంత అడ్డం ఎవరున్నారు?" అన్నాడు. ఆయనది నిజంగానే అడ్డంగా పెరిగిన ఒళ్ళు. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అన్న ప్రతి మాటా దాచుకుంది గాని తన మాట ఒక్కటీ ఆయనకు ఇవ్వలేదని అప్పుడు తట్టింది.

విచారణ రిజిస్ట్రారు గారి గదిలో, బుధవారం మూడు గంటలకు. ఇటువైపు ఆమె, అటువైపు బిల్లుల సూపరింటెండెంటు, మధ్యలో పదకొండు బిల్లుల దొంతర. మొదలు పెట్టబోతే ఒక చిక్కు వచ్చింది. విచారణలో చెప్పింది రాసుకోవడానికి రిపోర్టరు ఉండాలి. చార్టుమామను పిలిచి అడిగారు. మిగతా ఐదుగురు రిపోర్టర్లూ బయటి ఊళ్ళ కోర్టుల్లో ఉన్నారు, ఈ వారం పెద్ద కోర్టులో డ్యూటీ ఆమెదే. చార్టుమామ అది చెప్పలేక చెప్పి, తప్పంతా తనదైనట్టు తలొంచుకుని నిలబడ్డాడు. వాయిదా వేస్తే మళ్ళీ వచ్చే నెలే కుదురుతుంది. రిజిస్ట్రారు గారు నుదురు రుద్దుకున్నారు.

"నేనే రాస్తాను సార్" అంది ఆమె.

అలా రాయకూడదనే రూలు ఎక్కడా లేదు. అలాంటిది వస్తుందని ఎవరూ ఊహించలేదు కాబట్టి రాసి ఉండరు. సూపరింటెండెంటు సరేనన్నట్టు తలూపాడు. ఆమె బల్ల మూలకు కుర్చీ జరుపుకుని, నోటుబుక్కు తెరిచి, తేదీ వేసింది. ఆమె షార్ట్‌హ్యాండు ఆమె తప్ప ఇంకెవరూ చదవలేరు, ముప్ఫై మూడేళ్ళలో అది అంతగా సొంతదైపోయింది. ఆ గదిలో ఉన్న నలుగురికీ ఆ సంగతి తెలుసు. ఏం రాసినా, ఏం వదిలేసినా, రేపు టైపులో వచ్చిందే రికార్డు.

పేరు, హోదా, ఎన్నేళ్ళ సర్వీసు. ప్రశ్న రాసింది, జవాబు నోటితో చెప్పి అదీ రాసింది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. ఫలానా తేదీన ఆరున్నర బస్సు ఉందా, లేదా అని అడిగారు. ప్రశ్న రాసింది. పెన్సిలు ఆగింది. గోడమీద ఫ్యాను తిరుగుతోంది, చార్టుమామ బూట్లు కిర్రుమన్నాయి. ఆమె ‘కొద్దిసేపు జవాబు లేదు’ అని రాసింది. ఎదుటివాళ్ళు మౌనంగా ఉంటే అలాగే రాస్తుంది మరి. తర్వాత, ఉంది అని చెప్పి, ఉంది అని రాసింది.

రిజిస్ట్రారు గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"అమ్మా, బస్సు ఉండొచ్చు. వేళకు నడవకపోవచ్చు కూడా. దారిలో చెడిపోతుందేమోనన్న అనుమానం ఉండి ఉండొచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ఆలోచించుకుని చెప్పండి."

సూపరింటెండెంటు కూడా కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. అవునండీ అనడానికి అంతకంటే మంచి అదను ఉండదు. ఆమె పెన్సిలు మాత్రం ఆగలేదు. ఏం రాస్తున్నారమ్మా అని ఆయన అడిగారు. మీరడిగింది సార్, అంది ఆమె. గోరు గొడ్డలి కూడానా అన్నారాయన. అదీ అన్నారు కద సార్, అంది. రిజిస్ట్రారు గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

బస్సు వేళకే నడిచిందని చెప్పింది. పదకొండుసార్లూ నడిచిందని చెప్పింది. మరి లేదని ఎందుకు రాశారంటే మాత్రం నోరు విప్పలేదు. చెబితే జాలిపడి వదిలేస్తారు, అది తెలుసు. కాని ఆ పెద్దాయన ఊసు ఈ బిల్లుల దొంతరలోకి లాగడానికి మనసొప్పలేదు. కొడుకు మీద సాక్ష్యం చెప్పినవాడు తనని చూశాడని, ఆ చూపుకు భయపడి ఆఫీసు సొమ్ముతో తప్పించుకు తిరిగానని ఏ నోటితో చెబుతుంది? ‘జవాబు లేదు’ అని రాసి, కింద గీత గీసింది. తెల్లారి టైపు చేసి తెచ్చిన నాలుగు పేజీలలో ఒక్క అక్షరం తగ్గలేదు. రిజిస్ట్రారు గారు చదివి, మీ మీద ఇంతకంటే గట్టి సాక్షి ఎవరూ దొరకరమ్మా అన్నారట. అని, తప్పక, మందలింపు రాశారు. టాక్సీకీ బస్సుకూ ఉన్న తేడా జీతంలో కోసుకోమన్నారు. ముప్ఫై మూడేళ్ళ సర్వీసు రిజిస్టరులో, పెన్సిలు పట్టిన చేతికి, అది మొదటి మచ్చ.

శనివారం చార్టుమామ కాగితం అంటించకముందే ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. మిగిలిన మూడు నెలలూ కొండకింద కోర్టుకు ఆమెను వెయ్యనని, తమ్ముడు వెళ్తానన్నాడని చెప్పాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత కూడా జతచేశాడు. ఆమె తొక్కేశాను కద మామా, కడుక్కోనీ, అంది. చార్టుమామ ఆమె మొహంలోకి ఒకసారి చూసి వెనక్కి వెళ్ళి, తమ్ముడి పేరు కొట్టేసి ఆమె పేరు రాసుకొచ్చాడు.

వెళ్ళాల్సిన రోజు పొద్దున భర్త తనూ వస్తానని చొక్కా తొడుక్కున్నాడు. వద్దంది. బస్సులో ఎప్పటిలా కిటికీ పక్కన కూర్చుని బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. ఏమేం అనొచ్చో అన్నీ ఊహించుకుంది. నీ రాతవల్లే అంటే ఏం చెప్పాలి, నీకూ పిల్లలున్నారా అంటే ఏం చెప్పాలి. రాయడం తప్ప జవాబు చెప్పడం ఆమెకు ఎప్పుడూ రాదు. మూడో స్టాపు దాటేసరికి ఒళ్ళోని బ్యాగు ఇంకా దగ్గరికి లాక్కుంది.

నాలుగో స్టాపులో పెద్దాయన ఎక్కాడు. ఏడాదిలో బాగా వంగిపోయాడు. బస్సంతా ఒకసారి కలయజూసి, ఆమెను చూసి ఆగిపోయాడు. ఈసారి ఎదురు సీట్లో కూర్చోలేదు. వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.

"ఒంట్లో బాగుండలేదా అమ్మా? ఏడాదిగా కనబడలేదు."

ఆమె తల అడ్డంగా ఊపిందో నిలువుగా ఊపిందో ఆమెకే తెలియదు.

"మిమ్మల్ని ఒక మాట అడగాలని చూశానమ్మా. పెద్ద ఉద్యోగస్తులు, ఏమనుకుంటారోనని నోరు రాలేదు" అని, చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఆమె వైపు వంగాడు. "నా చెవుల సంగతి మీకు తెలుసుగా. ఆరోజు నేను బోను దిగి పోతుంటే మావాడు లేచి నిలబడి ఏదో అన్నాడు. నోరు కదలడం చూశాను. మాట వినపడలేదు. ప్లీడరు గారిని అడిగితే, ఏదోలే తాతా, దానివల్ల కేసుకు ఒరిగేదేం లేదన్నారు. తిట్టే ఉంటాడు. నేను చేసిన పనికి తిట్టకేం చేస్తాడు? ఏమని తిట్టాడో తెలిస్తే, అది మోసుకునైనా వెళ్ళి ఒక్కసారి చూసొద్దామని. ఏ మొహంతో పోవాలో తెలియక జైలు గడప ఇంకా తొక్కలేదమ్మా."

ఆ చూపు కోపం కాదు, అడగడం. రెండు ప్రయాణాలూ, ఒక్కోటి రెండు గంటలు, అతను అడుగుతూనే ఉన్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

కాగితం మీదికి ఎక్కింది నోట్లోంచి రాకూడదన్నది ఆమె నియమం. రిపోర్టరు కక్షిదారుతో కేసు మాట్లాడదు. కాని అది నలుగురి ఎదుట పైకి అన్న మాట, కేసు తీరిపోయింది, అప్పీలు గడువు కూడా దాటిపోయింది. ఇవన్నీ ఆమె తర్వాత ఆలోచించుకుంది. అప్పుడు మాత్రం అతని వైపు తిరిగి, కోర్టులో రాసింది చదివి వినిపించే గొంతుతో, అతని చెవికి అందేంత గట్టిగా చెప్పింది. నోటుబుక్కు అక్కర్లేకపోయింది.

"జడ్జిగారు అడిగారు, ఈ సాక్షిని నువ్వేమైనా అడుగుతావా అని. ముద్దాయి చెప్పాడు, అడిగేదేం లేదండి, మా నాన్న అబద్ధం ఆడడు."

ముందు సీటులో ఒకామె వెనక్కి తిరిగి చూసింది. పెద్దాయన చెవి దగ్గర పెట్టుకున్న చెయ్యి తియ్యలేదు.

"వాడే అన్నాడా?"

"మీవాడే."

అతను కండక్టరును పిలిచి, జైలున్న ఊరికి పోవాలంటే బస్సు ఎక్కడ మారాలని అడిగాడు. వచ్చే స్టాపులో దిగమన్నాడు కండక్టరు. పెద్దాయన చొక్కా సర్దుకున్నాడు, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఈ రోజు డిపోకు పోకపోతే ఏం మునిగిపోదులే అని, ఆమెతో కాదు, తనతోనే అనుకున్నాడు.

"అసలు డిపోకి ఎనిమిదింటి బస్సు సరిపోతుందమ్మా" అన్నాడు లేస్తూ. "మీరు ఎప్పుడో ఒకరోజు ఎక్కుతారని ఏడాదిగా దీన్నే ఎక్కుతున్నా."

విచారణలో ఎవరూ అడగనిది ఇది. ఆఫీసు లెక్కలో ఆమె పోగొట్టింది టాక్సీకీ బస్సుకూ తేడా, అది జీతంలో కోసుకుంటారు. ఒక తండ్రి ఒక్క మాట కోసం ఏడాదిపాటు రోజూ నాలుగో స్టాపులో నిలబడ్డాడు. జైల్లో ఒక కొడుకు ఏడాదిపాటు తండ్రి రాలేదనుకుంటూ ఉన్నాడు. ఆ మాట ఆమె దగ్గర ఉంది, పదకొండుసార్లు టాక్సీలో పక్కనుంచే పోయింది. ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది.

బస్సు ఆగుతోంది. పెద్దాయన కడ్డీ పట్టుకుని మెట్ల వైపు నడుస్తున్నాడు. ఆమె లేచి వెనకే రెండడుగులు వేసి, నన్ను క్షమించండి, మీకు భయపడి ఈ బస్సు ఎక్కడం మానేశాను, అంది. పక్కవాళ్ళు వింటారని సిగ్గుపడి గొంతు తగ్గించింది. అతను మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగి, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమన్నారమ్మా? వినపడలేదు."

అందరూ చూస్తున్నారు. ఆమె కడ్డీ పట్టుకుని, బస్సు మొత్తానికీ వినపడేలా, అదే మాట మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.